బాలిలో ఒక రోజు ప్రైవేట్ టూర్: గుళ్లు, జలపాతాలు, మెట్ల పొలాలు – తరచుగా అడిగే ప్రశ్నలు

బాలి వెళ్లే తెలుగు కుటుంబాలకు రోజు ప్లాన్ వేసి ఇస్తుంటాను. అడిగేవాళ్లు మారుతుంటారు, సందేహాలు మాత్రం అవే వస్తుంటాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే దానికే నేరుగా వెళ్లొచ్చు. ఉదాహరణలు ఎక్కువగా బెదుగుల్, ముందుక్, జతిలువిహ్ వైపువి. కొండ మీది సరస్సు, దాని ఒడ్డున గుడి, అడవిలో జలపాతం, కింద వరి మడులు అన్నీ ఒకే రోజులో కనిపించే వైపు అది. బాలి బతుకంతా నీటి చుట్టూ ఎలా అల్లుకుందో అక్కడ కళ్లారా చూడొచ్చు.

## బుక్ చేసుకునే ముందు

ఒక్క రోజులో ఎన్ని చోట్లు చూడొచ్చు? మాకు ఏడెనిమిది పేర్లున్న లిస్టు పంపారు.

మూడు. మహా అయితే దారిలో పడే నాలుగోది ఒకటి. మ్యాపులో బాలి చిన్నగా కనిపిస్తుంది కానీ రోడ్లు సన్నం, మలుపులు ఎక్కువ, ట్రాఫిక్ ఇంకా ఎక్కువ. యాభై కిలోమీటర్లకు రెండు గంటలు పట్టడం అక్కడ మామూలే. ఏడెనిమిది పేర్లున్న లిస్టు పట్టుకుంటే ప్రతిచోటా దిగడం, ఫొటో తీయడం, ఎక్కడం, అంతే మిగులుతుంది. ఒక గుడి, ఒక జలపాతం, ఒక పొలాల ఊరు పెట్టుకోండి. మూడూ ఒకే దిక్కున ఉండాలి. తూర్పున లెంపుయాంగ్ గుడినీ పడమట తనా లోత్ గుడినీ ఒకే రోజులో పెట్టిన ప్లాన్ ఎవరిచ్చినా ఒప్పుకోకండి.

ఉబుద్ ఊరి దగ్గరే తెగల్లాలాంగ్ మెట్ల పొలాలున్నాయి కదా, అంత దూరం జతిలువిహ్ ఎందుకు?

టైం తక్కువుంటే తెగల్లాలాంగ్ చాలు. ఉబుద్ నుంచి అరగంట దూరం, లోయ అందంగా ఉంటుంది. కానీ అక్కడ పొలం కంటే ఉయ్యాలలు, కెఫేలు, ఫొటో పాయింట్లే ముందు కనిపిస్తాయి. గట్టు దాటే చోటల్లా విరాళాల డబ్బా ఉంటుంది. జతిలువిహ్ బతుకారు కొండ వాలు మీద, తబనాన్ జిల్లాలో ఉంది. ఉబుద్ నుంచి సుమారు గంటన్నర ప్రయాణం. అక్కడ చేలు చూపు ఆనినంత మేర పరుచుకుని ఉంటాయి, మధ్యలో గంటో రెండు గంటలో నడిచే దారులున్నాయి. బాలి సుబక్ నీటి వ్యవస్థను యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు అందులో చేరిన ప్రాంతం ఇది. పొలం చూడాలని వెళ్లేవాళ్లకు నా ఓటు జతిలువిహ్‌కే.

డ్రైవర్ ఉంటే చాలదా? గైడ్ కూడా కావాలా?

బాలి డ్రైవర్లలో చాలామందికి ఇంగ్లీష్ వచ్చు, దారిలో కబుర్లు కూడా చెబుతారు. కానీ మిమ్మల్ని దింపాక ఆయన పార్కింగ్‌లోనే ఉంటారు. గుళ్లో ఏ ప్రాకారం దాకా వెళ్లొచ్చు, అక్కడ జరుగుతున్న పూజ ఏమిటి, ఈ చేలో నీరు ఎటు నుంచి వస్తోంది, ఇవన్నీ చెప్పాలంటే పక్కన నడిచే మనిషి ఉండాలి. పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న కుటుంబాలకైతే లైసెన్సున్న గైడ్‌నే తీసుకోమంటాను. ‘డ్రైవర్ కమ్ గైడ్’ అని రాసి ఉంటే, ఆయన గుడి లోపలికి వస్తారా లేదా అని ముందే అడగండి.

ఖర్చు ఎంతవుతుంది?

డ్రైవర్, పెట్రోలు కలిపి పది గంటలకు చిన్న కారు మామూలుగా ఆరు నుంచి తొమ్మిది లక్షల ఇండొనేషియా రుపియాలకు దొరుకుతుంది. లక్ష రుపియా అంటే మన డబ్బుల్లో ఐదు వందల పైచిలుకు. రేటు రోజూ మారుతుంది కాబట్టి వెళ్లే ముందు చూసుకోండి. గైడ్ ఫీజు, ప్రవేశ టికెట్లు, పార్కింగ్, భోజనం చాలా ప్యాకేజీల్లో కలవవు. పెద్ద చోట్ల విదేశీయులకు టికెట్ మనిషికి యాభై, డెబ్బై ఐదు వేల రుపియాల దాకా ఉంటుంది. కుటుంబానికి లెక్కేస్తే అదీ చెప్పుకోదగ్గ మొత్తమే. అందుకని ‘అన్నీ కలిపి ఎంత, ఏవి విడిగా’ అని రాతపూర్వకంగా తీసుకోండి. పది గంటలు దాటితే గంటకెంత అనేది కూడా అందులో రాయించండి.

ఏ నెలలో వెళ్తే మంచిది?

ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొడి కాలం, నవంబర్ నుంచి మార్చి దాకా వానలు. జూలై, ఆగస్టుల్లో వాతావరణం బాగుంటుంది కానీ జనం విపరీతం. మే, జూన్, సెప్టెంబర్ నాకు నచ్చిన నెలలు. వానాకాలంలో వెళ్లినా రోజంతా కురవదు, చాలాసార్లు పొద్దున తెరిపిగా ఉండి మధ్యాహ్నం దంచుతుంది. జలపాతం అప్పుడే నిండుగా ఉంటుంది, ప్రమాదం కూడా అప్పుడే ఎక్కువ.

ఉగాదికి సెలవులున్నాయి, అప్పుడు వెళ్లొచ్చా?

టికెట్లు కొనే ముందు న్యెపీ తేదీ చూసుకోండి. బాలి హిందువులకూ శక సంవత్సరమే, వాళ్ల సంవత్సరాది న్యెపీ. కొన్నేళ్లు మన ఉగాది రోజునే వస్తుంది. 2023లో మార్చి 22న, 2026లో మార్చి 19న రెండూ ఒకే రోజు. అధిక మాసాల లెక్క తేడా వల్ల కొన్నేళ్లు నెల దాకా దూరం జరుగుతుంది, 2024లో అలాగే అయింది. న్యెపీ నాడు విమానాశ్రయంతో సహా దీవి మొత్తం ఇరవై నాలుగు గంటలు మూసేస్తారు. పర్యాటకులు కూడా హోటల్ గేటు దాటకూడదు, దీపాలు బయటికి కనిపించకూడదు. ఆ రోజు టూర్ అనేదే ఉండదు. అయితే ముందు రోజు సాయంత్రం ఓగో-ఓగో అనే భారీ రాక్షస బొమ్మలను వీధుల్లో ఊరేగిస్తారు, వీలుంటే తప్పకుండా చూడండి.

హైదరాబాద్, విజయవాడల నుంచి దిగిన రోజే టూర్ పెట్టుకోవచ్చా?

వద్దు. హైదరాబాద్ నుంచి సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్‌లలో ఎక్కడో ఒకచోట విమానం మారి వెళ్లేవాళ్లే ఎక్కువ. బెంగళూరు నుంచి నేరుగా వెళ్లినా రాత్రి నిద్ర ఉండదు. బాలి గడియారం మన కంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ పొద్దున్న ఏడంటే మనకు నాలుగున్నర. ఒక రోజు విశ్రాంతి తీసుకుని మర్నాడు బయల్దేరండి.

మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. ఆమెతో ఈ టూర్ కుదురుతుందా?

గుడీ, పొలాలూ కుదురుతాయి. జలపాతం దగ్గరే చిక్కు. దాదాపు ప్రతి జలపాతానికీ కిందికి మెట్లు దిగాలి, దిగినవన్నీ మళ్లీ ఎక్కాలి. నుంగ్‌నుంగ్‌కైతే ఐదు వందలకు దగ్గరగా మెట్లున్నాయి, పెద్దవాళ్లను అటు తీసుకెళ్లొద్దు. బెదుగుల్‌లోని ఉలున్ దను గుడి చుట్టూ చదునైన తోట, నెమ్మదిగా నడవొచ్చు. మెంగ్వి దగ్గరి తమన్ అయున్ గుడి ఇంకా తేలిక. 1634లో మెంగ్వి రాజులు కట్టించిన ఈ గుడి చుట్టూ నీటి కందకం ఉంటుంది, లోపలి అంతస్తుల గోపురాలన్నీ ప్రహరీ పక్కన నడుస్తూనే కనిపిస్తాయి. జతిలువిహ్‌లో రోడ్డు పక్క హోటల్లో కూర్చున్నా ఎదురుగా చేలే. మిగతావాళ్లు జలపాతానికి దిగేటప్పుడు అమ్మగారు నీడలో కూర్చునే చోటు పైన ఉందో లేదో గైడ్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

## ముందు రోజు

పొద్దున్నే ఎన్నింటికి బయల్దేరాలి?

ఏడింటికి కారు కదలాలి. బెదుగుల్ పన్నెండు వందల మీటర్ల పైన ఎత్తులో ఉంది, మధ్యాహ్నానికి మేఘాలు దిగి సరస్సునీ గుడినీ కప్పేస్తాయి. తొమ్మిదికల్లా అక్కడ ఉంటే నీళ్లలో గోపురం నీడ చూడొచ్చు. ఆపైన పదకొండుకి జలపాతం, ఒంటిగంటకు భోజనం, రెండున్నరకు పొలాలు. ఐదింటికి తిరుగు ప్రయాణం మొదలుపెడితే ఏడు ఏడున్నరకు దక్షిణాన హోటళ్లుండే సెమిన్యాక్ వైపు చేరుకుంటారు. ఈ వరుస తిరగేసి పొలాలు ముందు పెట్టారంటే సరస్సు దగ్గర మీకు మిగిలేది పొగమంచే.

ఏం వేసుకోవాలి? చీర, పంచె కుదురుతాయా?

కాళ్లు, భుజాలు కప్పే ఏ బట్టైనా ఫరవాలేదు. నిక్కరుతో వస్తే పైన లుంగీలాంటి సరోంగ్ చుట్టుకోవాలి. సరోంగూ నడుముకు కట్టే గుడ్డా కొన్ని గుళ్లలో టికెట్‌తో ఇస్తారు, కొన్నిచోట్ల అద్దెకిస్తారు. పంచెకూ చీరకూ మామూలుగా అభ్యంతరం చెప్పరు కానీ నడుముకు గుడ్డ మాత్రం కట్టమంటారు. చీరతో జలపాతానికి దిగడం కష్టం, కాబట్టి సల్వార్ మేలు. కాళ్లకు జారని శాండిల్స్ వేసుకోండి. బెదుగుల్‌లో చలిగాలి కొడుతుంది, పిల్లలకు ఒక స్వెటర్ ఉంచండి.

బ్యాగులో ఇంకేం పెట్టుకోవాలి?

ఒక జత పొడి బట్టలు, టవల్, తడి బట్టలకో కవరు, దోమల మందు, ప్రయాణంలో వాంతులయ్యేవాళ్లకు మాత్ర, చిల్లర రుపియాలు. 2019 నుంచి బాలిలో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులు, స్ట్రాలు నిషేధం, అందుకని గుడ్డ సంచీ, నీళ్ల సీసా మీవే తెచ్చుకోండి. కొళాయి నీళ్లు తాగొద్దు.

టూరిస్ట్ ట్యాక్స్ ఏదో ఉందంటున్నారు, అది టూర్ డబ్బుల్లో కలుస్తుందా?

కలవదు. 2024 ఫిబ్రవరి 14 నుంచి విదేశీ పర్యాటకులు ఒక్కొక్కరు లక్షా యాభై వేల రుపియాలు బాలి ప్రభుత్వానికి కట్టాలి. ‘లవ్ బాలి’ వెబ్‌సైట్లో ముందే కట్టేసి, వచ్చిన క్యూఆర్ కోడ్‌ను ఫోన్లో ఉంచుకోండి. చూసే చోట్ల తనిఖీ చేయవచ్చు. వీసా ఫీజు వేరు, ఇది వేరు.

## గుళ్లో

మేమూ హిందువులమే కదా, లోపలిదాకా వెళ్లి దర్శనం చేసుకోవచ్చా?

చాలామంది ఆశగా అడిగే ప్రశ్న ఇది. బాలి గుడికి సాధారణంగా మూడు ప్రాకారాలుంటాయి. అన్నిటికంటే లోపలిది పూజకు వచ్చినవాళ్లకే, చూడ్డానికి వచ్చినవాళ్లు బయటి ప్రాకారాల దగ్గరే ఆగాలి. మీరు నిజంగా ప్రార్థనకే వెళ్లాలనుకుంటే గైడ్‌కి ముందే చెప్పండి. బాలి పద్ధతిలో బట్టలు కట్టుకుని, పూలూ అగరుబత్తీ నైవేద్యంతో, ఆయన వెంట కూర్చుని మొక్కుకునే వీలు కొన్ని గుళ్లలో కల్పిస్తారు. చివర్లో పూజారి తీర్థం చల్లి, తడి బియ్యపు గింజలిస్తే నుదుటికి అద్దుకోవాలి. కొబ్బరికాయ కొట్టడం, గర్భగుడి ముందు హారతి తీసుకోవడం అక్కడ ఉండవు. చాలా గుళ్లలో మన కళ్లు వెతికే మూలవిరాట్టూ కనిపించదు. పద్మాసన అనే ఎత్తైన రాతి సింహాసనం ఖాళీగా ఉంటుంది, దేవుణ్ని అక్కడికి ఆవాహన చేస్తారు. ఆ ఖాళీ పీఠం ముందు, తెల్ల బట్టల్లో కూర్చున్న ఊరంతా గాయత్రీ మంత్రంతో మొదలయ్యే త్రిసంధ్య చదువుతుంటే వినగలిగితే ఆ రోజుకు అంతకంటే ఏం కావాలి!

పీరియడ్స్‌లో ఉంటే గుడికి రానివ్వరా?

రానివ్వరు. గుళ్ల ముందు బోర్డు మీద ఇంగ్లీష్‌లోనే రాసి ఉంటుంది. ఎవరూ తనిఖీ చేయరు, అది మీ మాట మీద వదిలేస్తారు. ఇంట్లో మైల ఉన్నవాళ్లకూ వాళ్లలో ఇదే కట్టుబాటు. ఆ తేదీలు పడేటట్టుంటే టూర్‌లో గుడి బదులు పొలాల నడక పెంచుకోండి, గైడ్‌కి ఒక్క మాట చెబితే ప్లాన్ మారుస్తారు. సంకోచం అక్కర్లేదు, వాళ్లకిది రోజూ వినే విషయమే.

ఉలున్ దను గుడి ప్రత్యేకత ఏమిటి?

1633లో బెరాతాన్ సరస్సు ఒడ్డున కట్టిన గుడి. సరస్సుకు అధిదేవత దేవి దను. పొలాలకు నీరిచ్చే తల్లిగా రైతులు ఆమెను కొలుస్తారు. నీళ్ల మధ్య చిన్న దిబ్బ మీద పదకొండు అంతస్తుల మేరు గోపురం నిలబడి ఉంటుంది, దాని కప్పులన్నీ తాటి జాతి చెట్టు నల్లటి నారతో నేసినవి. అదే ఆవరణలో ఒక బౌద్ధ స్తూపం కూడా ఉంది. సరస్సులో బోట్లు, తోటలో బొమ్మలు కొంచెం హడావిడిగా అనిపిస్తాయి. వాటిని దాటి నేరుగా ఒడ్డుకు వెళ్లి నిలబడండి.

తీర్త ఎంపుల్ గుడి కోనేటిలో స్నానం చేయాలని ఉంది, ఇదే రోజులో కుదురుతుందా?

బెదుగుల్ వైపు వెళ్లే రోజున కుదరదు. తీర్త ఎంపుల్ ఉబుద్‌కు ఈశాన్యంగా తంపాక్‌సిరింగ్‌లో ఉంది. దాన్ని గునుంగ్ కావి గుడి, తెగల్లాలాంగ్‌తో కలిపి వేరే రోజు పెట్టుకోండి. క్రీ.శ. 962 నాటి, నీటి బుగ్గ దగ్గరి గుడి అది. కోనేటిలో దిగే ముందు వాళ్లిచ్చే సరోంగ్ కట్టుకోవాలి. వరుసగా ఒక్కో ధార కింద తల ఉంచి మొక్కాలి. చనిపోయినవారి కర్మలకు ఉద్దేశించిన ధారలున్నాయి, గైడ్ చూపించి వదిలేయమన్నవాటి కింద తల పెట్టొద్దు. సబ్బు, షాంపూ వాడకూడదు, నీళ్లలో ఫొటోల కోసం ఆగిపోయి వెనకవాళ్లను నిలబెట్టకూడదు.

దారిలో నేల మీద పూల దొన్నెలు కనిపిస్తాయట, తొక్కితే?

చనాంగ్ సరి అంటారు వాటిని. లేత కొబ్బరాకు మడిచి చేసిన అరచేయంత పళ్లెం. అందులో నాలుగు రంగుల పూలు, కాస్త అన్నం, ఒక్కోసారి ఓ బిస్కెట్టో చాక్లెట్టో, పైన వెలిగించిన అగరుబత్తి. గడప ముందు, దుకాణం మెట్టు మీద, మీ కారు డ్యాష్‌బోర్డు మీద కూడా పెడతారు. పొగ వస్తున్నదాన్ని దాటొద్దు, పక్కనుంచి వెళ్లండి. పొరపాటున తొక్కితే కంగారు పడక్కర్లేదు, అయ్యో అన్నట్టు చేతులు జోడిస్తే చాలు.

## జలపాతం దగ్గర

ఏ జలపాతం మంచిది?

బెదుగుల్ దాటాక వనగిరి దగ్గరి బన్యుమాలా నాకు ఇష్టం. రాతి గోడ మీంచి జంట ధారలు పడతాయి, కింద మడుగు అంత లోతుగా ఉండదు. దారి మాత్రం నిటారు, వెదురు కర్ర పట్టుకుని దిగాలి. కాఫీ తోటల మధ్య నడక కావాలంటే ముందుక్ వెళ్లండి. సెకుంపుల్ అన్నిటికంటే గంభీరమైనది, కానీ దానికి సగం రోజు పోతుంది, పొలాలు వదులుకోవాలి. దక్షిణాన తెగెనుంగన్ అందరికీ దగ్గర, అందుకే అక్కడ రద్దీ.

ఈత రాదు, నీళ్లలో దిగొచ్చా? పిల్లలు?

మడుగు అంచున మోకాళ్ల దాకా చాలు. ధార కింద నేరుగా నిలబడొద్దు, పైనుంచి రాళ్లూ కొమ్మలూ పడతాయి. పైన కొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తున్నా ఉన్నట్టుండి ప్రవాహం పెరుగుతుంది. నీటి రంగు మట్టిగా మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలి. గైడ్ ‘ఇవాళ వద్దు’ అంటే ఆ మాటకు ఎదురు చెప్పకండి. టికెట్ డబ్బులు పోతే పోనివ్వండి.

బట్టలు మార్చుకునే గదులుంటాయా?

పేరున్న జలపాతాల దగ్గర పార్కింగ్ పక్కన ఉంటాయి, కొద్దిపాటి రుసుము తీసుకుంటారు. కింద మడుగు దగ్గర ఉండవనే అనుకోండి.

## పొలాల్లో

మేం వెళ్లేటప్పటికి పొలాలు పచ్చగా ఉంటాయా?

ఫొటోల్లో చూసిన పచ్చదనం నాట్లు వేసిన తరవాత కొన్ని వారాలదే. దుక్కి సమయంలో మడులన్నీ నీళ్లతో అద్దాల్లా ఉంటాయి, కోతకు ముందు బంగారు రంగు, కోత అయ్యాక బురదా మోళ్లూ. మన గోదావరి డెల్టాలాగే ఒక ప్రాంతంలో అందరూ దాదాపు ఒకేసారి నాటుతారు కాబట్టి మొత్తం కొండవాలు ఒకే దశలో ఉండే అవకాశం ఎక్కువ. వారం ముందు గైడ్‌ని తాజా ఫొటో పంపమనండి. నన్నడిగితే నీళ్లు నిలిచిన మడులు పచ్చదనం కంటే తక్కువేం కాదు, గట్ల వంపులు స్పష్టంగా కనిపించేది అప్పుడే.

సుబక్ అంటే ఏమిటి? గైడ్లందరూ అదే చెబుతారట.

ఒకే కాలువ నీరు పంచుకునే రైతుల సంఘం. తొమ్మిదో శతాబ్దం నుంచీ నడుస్తోంది. పెకసే అనే పెద్దను రైతులే ఎన్నుకుంటారు. ఎవరు ఎప్పుడు నాటాలి, నీటి వంతు ఎవరిది, ఏ కాలువ పూడిక ఎప్పుడు తీయాలి, ఇవన్నీ సమావేశంలో, గుడి పూజల వరుసకు ముడిపెట్టి తేలుస్తారు. నీరు మడిలోకి దూకే మూలన ఒక చిన్న గూడు లాంటి గుడి కనిపిస్తుంది. పంట దేవత దేవి శ్రీకి నైవేద్యం అక్కడ పెడతారు. 1970లలో హరిత విప్లవం పేరుతో వంతులు పక్కనపెట్టి ఎవరికి వారు ఏడాది పొడవునా అధిక దిగుబడి వంగడాలు వేయమన్నారు. నీటికి కటకట వచ్చింది, పురుగు విజృంభించింది. అందరూ ఒకేసారి కోసి, ఒకేసారి పొలం ఖాళీగా ఉంచితే పురుగుకు తిండి దొరకదు. గుళ్ల క్యాలెండర్ చేసిపెడుతున్న పని అదేనని తరవాత పరిశోధనల్లో తేలింది, రైతులు మళ్లీ పాత వంతులకే వచ్చారు. వ్యవసాయం తెలిసిన ఇంటి నుంచి వెళ్లేవాళ్లు ఈ సంగతి గైడ్‌తో కూర్చుని మాట్లాడాలి. నా దృష్టిలో టూర్ మొత్తంలో విలువైన అరగంట అదే.

గట్ల మీద నడవొచ్చా?

గుర్తులు పెట్టిన దారుల్లో నడవండి. గట్టు అంచు విరిగితే పై మడి నీళ్లు కింది మడిలోకి పోతాయి, బాగు చేసుకోవాల్సింది ఆ రైతే. పైరులోకి దిగి ఫొటోలు వద్దు. డ్రోన్ ఎగరేయాలంటే ముందుగా అనుమతి అడగండి.

## తిండి, డబ్బు, తిరుగు ప్రయాణం

మేం శాకాహారులం, మధ్యాహ్నం ఏం తినాలి?

అన్నానికి కొదవలేదు. జతిలువిహ్‌లో అక్కడే పండిన ఎర్ర బియ్యం అన్నం దొరుకుతుంది, రుచి చూడండి. తెంపె, తహు అనే సోయా వంటకాలు, ఉడికించిన కూరగాయల మీద వేరుశెనగ ముద్ద పోసిన గాదో-గాదో, కాయగూరల వేపుళ్లు ఉంటాయి. జాగ్రత్త పడాల్సింది సంబల్ కారంతో. చాలా సంబల్‌లలో తెరాసి అనే ఎండు రొయ్యల ముద్ద ఉంటుంది. ‘తన్‌పా దాగింగ్, తన్‌పా ఇకాన్, తన్‌పా తెరాసి’ అంటే మాంసం, చేప, రొయ్యల ముద్ద లేకుండా అని. గుడ్డు కూడా వద్దంటే ‘తన్‌పా తెలుర్’ చేర్చండి. ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లు డబ్బా కట్టుకెళ్లడం మేలు.

కాఫీ తోట అని తీసుకెళ్తారట, వెళ్లాలా?

చాలా టూర్లలో ‘ఉచిత కాఫీ రుచి’ పేరుతో లువాక్ కాఫీ (పునుగు పిల్లి తిని విసర్జించిన గింజలతో చేసేది) దుకాణం ఉంటుంది, అమ్మకం మీద కమీషన్ నడుస్తుంది. పునుగు పిల్లులను ఇరుకు బోనుల్లో పెట్టి చూపించే చోట్లకు నేను ఎవరినీ పంపను. బుక్ చేసేటప్పుడే ‘షాపింగ్ స్టాపులు వద్దు’ అని రాయించండి. నగలు, బాతిక్ దుకాణాలకూ ఇదే మాట.

డ్రైవర్‌ని, గైడ్‌ని ఏమని పిలవాలి? టిప్ ఎంత?

మగవాళ్లయితే ‘బ్లి’, ఆడవాళ్లయితే ‘మ్‌బోక్’ అనండి. అన్నా, అక్కా అన్నట్టే. వయసులో పెద్దవారైతే ‘పాక్’, ‘బు’. వయాన్, మదే, ఞోమన్, కెతుత్ పేర్లు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి, ఇంట్లో ఎన్నో బిడ్డ అన్నదాన్ని బట్టి పెట్టే పేర్లవి. టిప్ తప్పనిసరి కాదు. రోజంతా బాగా చూసుకున్నారనిపిస్తే యాభై వేల రుపియాలో లక్షో చేతికివ్వండి. భోజనానికి వాళ్లను కూడా పిలవండి, విడిగా తింటామంటే బలవంతం వద్దు.

రాత్రి ఫ్లైట్ ఉంది, అదే రోజు టూర్ పెట్టుకోవచ్చా?

విమానం రాత్రి పదకొండు తరవాతైతే పెట్టుకోవచ్చు, అంతకు ముందైతే వద్దు. అయినా జలపాతం తీసేసి తమన్ అయున్, ఉలున్ దను, జతిలువిహ్ మాత్రమే ఉంచండి. మూడింటికల్లా జతిలువిహ్ నుంచి కదలండి, తబనాన్ దాటాక సాయంత్రం ట్రాఫిక్ గట్టిగా పట్టేస్తుంది. సామాను కారులోనే ఉంటుంది కాబట్టి పెద్ద కారు అడగండి. పాస్‌పోర్టులు, మందులు మాత్రం మీ చేతి సంచీలో పెట్టుకోండి.